దొంగ కందిరీగ

కుట్టే పురుగుకు ముల్లు ఇచ్చి, కుట్టలేని పురుగుకు ముల్లున్నట్టు కనపడే పసుపు చారలు మాత్రం ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఏ చార ఎందుకు గీసినాడో ఆయనకే ఎరుక. మనం చారలు చూసి జడుసుకుంటాం, ఆయన లోపల ముల్లుందో లేదో చూస్తాడు. ఎండకు నెర్రెలిచ్చే మా నేల మీద కూడా కొత్తిమీరను పూతకు తెచ్చి, ఆ పూల మీదికి చిన్న చిన్న ప్రాణాలను పంపి, వాటి ముందర నాలాంటి ముసలిదాన్ని నిలబెట్టి తల దించుకునేట్టు చేసినందుకు కూడా ఆయనకే మహిమ. ఈ జ్ఞాపకాలలో మిగిలినవన్నీ ఇష్టంగా రాసినాను. ఇది ఇష్టం లేకుండా రాస్తున్నాను. మా అత్తకు నేను చెప్పవలసిన మాట ఒకటి చిన్నప్పటి నుంచి గొంతులో ఉండిపోయింది. ఆమె ఎనభై దాటింది. నేను చెప్పకముందే ఆమె పోతుందేమో, లేదా ఈ కాగితం అచ్చయి ఎవరో ఆమెకు చదివి వినిపిస్తారేమో, రెండూ భయమే.

పోయిన నెల రాజంపేటకు పోయినాను. మా మేనత్త కరుణమ్మ భర్త సీమోను మామ ప్రభువులో నిద్రించినాడు, ఆయన నలభయ్యో రోజు కూడిక. అత్త వాళ్ళ ఇంటి వెనక నాలుగు బారల జాగా ఉంది. బోరింగు నీళ్ళు పారేచోట కొత్తిమీర చల్లి, కోయకుండా పూతకు వదిలేసింది. కూడిక అయిపోయి ఆడవాళ్ళం ఆ నీడన కూర్చుని టీలు తాగుతున్నాం. పక్కింటి కోడలు ఒక్కసారిగా లేచి, "అయ్యో, కందిరీగలు, పిల్లోళ్ళను తీసుకోండి," అని కాలి చెప్పు చేతికి తీసుకుంది. అత్తకు కండ్లలో పొర వచ్చి సరిగా కనపడదు. అయినా చెవి అటు పెట్టి, ఆ సన్నటి రొద విని, చెయ్యి అడ్డం పెట్టింది. "కొట్టాకు తల్లీ. అది కందిరీగ కాదు. కుట్టదు." ఆ అమ్మాయి నమ్మలేదు. ఫోను తీసి ఆ పురుగును ఫొటో పట్టి, వెతికి, ఏదో ఇంగ్లీషు పేరు చదివింది. "తెలుగులో ఏమంటారో ఇందులో లేదవ్వా," అంది. అత్త నవ్వింది. నవ్వి, నా కుర్చీ ఉన్న వైపు ముఖం తిప్పింది. "తెలుగులో పేరుండాది. మా యమ్మ పెట్టిన పేరు. మా పాపకు తెలుసు, అడుగు."

అందరూ నా వైపు చూసినారు. "గుర్తు లేదత్తా," అన్నాను.

గుర్తుంది. ఆ పేరు ఈ లోకంలో ఇప్పుడు ఎరిగినవాళ్ళం ఇద్దరమే, అత్త, నేను. అత్త టీ గ్లాసు కింద పెట్టడానికి నేల తడుముకుంది. ఆమె ఊరికే అడిగిందా, కావాలని అడిగిందా? ఆ రోజు బస్సులో కర్నూలు దాకా అదే ఆలోచించినాను. ఇప్పటికీ తేలలేదు.

ఆ పేరు పెట్టింది మా జేజి, నాయనకు తల్లి. బేతంచెర్లకు ఒకటిన్నర మైలు అవతల మా పల్లె. గనుల నుంచి నాపరాయి బండలు లారీల్లో పాలిషు ఫ్యాక్టరీలకు వచ్చేవి, అక్కడ కోసిన నీళ్ళు పాలలాగా తెల్లగా కాలవలో పారేవి, ఆ కాలవ పక్కనే మా ఇండ్లు. నాయన ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్ము ఉండేది. గోడలు బండలు, నేల బండలు, కప్పు బండలు. మెత్తనిది ఏదైనా ఉందంటే జేజి పెరడు ఒక్కటే. అనపతీగ, అలసందలు, పది మిరపచెట్లు, గట్ల వెంబడి కొత్తిమీర. జేజికి ప్రతి పనికీ ముందు ఒక "స్తోత్రం" ఉండేది. కుండ ఎత్తేముందు స్తోత్రం, పొయ్యి రాజేసేముందు స్తోత్రం, ఊరుబిండి పచ్చడి రోట్లో వేసి బండ పట్టుకునేముందు స్తోత్రం. ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ము వచ్చినా తుమ్మి, స్తోత్రం అనేది. కొత్తిమీర ఎండబెట్టి ధనియాలు దులిపే రోజుల్లో ఇల్లంతా, మా జుట్లు, బైబిలు అట్ట కూడా అదే వాసన. ఇప్పుడు ప్యాకెట్టు ధనియాలపొడి కత్తిరించినప్పుడు ఆ వాసన వస్తుందేమోనని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. రాదు.

కొత్తిమీర పూతకు వచ్చిందంటే ఆ పురుగులు వచ్చేవి. చూడడానికి అచ్చం కందిరీగే, పసుపు నలుపు చారలు. మొదటిసారి చూసి నేను ఏడ్చుకుంటూ లోపలికి పరుగెత్తితే జేజి నా రెక్క పట్టుకుని మళ్ళీ పెరట్లోకే లాక్కొచ్చింది. "నడుము చూడుమే. కందిరీగకు సన్నటి నడుముంటాది, కాళ్ళు యాలాడేసుకోని వస్తాది. దీనికి నడుమే లేదు. కండ్లు చూడు, ఈగ కండ్లు. గాల్లో యాడిదాడ నిలబడుకోని నీ మొగం చూస్తాది. కందిరీగ అట్ల నిలబడదు." అని ఒకదాన్ని పట్టి నా పిడికిట్లో పెట్టింది. ఆ పురుగు తోక వంచి నా అరచేతికి ఆనించి గట్టిగా పొడిచింది. నేను కెవ్వుమన్నాను. తీరా చూస్తే నొప్పి లేదు, గుర్తు లేదు. "కుట్టినట్టు చేస్తాది, కుట్టేదానికి ముల్లేది? దొంగ కందిరీగ," అంది జేజి.

దొంగ నిద్ర అంటే నిద్ర కానిది, దొంగ ఏడుపు అంటే ఏడుపు కానిది. అట్లాగే దొంగ కందిరీగ. అది మా పెరటికి మేలు చేసేది. అనపతీగకు పేనుబంక పట్టినప్పుడు, ఆ బంక మధ్యలో కాళ్ళు లేని ఆకుపచ్చ పురుగు ఒకటి పాకుతూ ఒక్కొక్క పేనునే తినేది. అది ఆ దొంగ కందిరీగ పిల్ల అని జేజి చెప్పేది. ఆమె ఆ ఆకును గిల్లనిచ్చేది కాదు. "వేషం చూసి తరిమితే, పైరు పాయె," అనేది. అప్పటికి ఆ పేరు మా ఇంటి గడప దాటి ఎరగదు. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం చెప్పుకునే మాట అది. జేజి, అత్త, నేను. అమ్మ నన్ను కని పోయింది. నాకు తల దువ్వేది, పక్కలో పడుకోబెట్టుకునేది, ఆదివారం బడిలో వాక్యం నేర్పేది అత్తే.

మాది అనుమానాల సంఘం. ఈ మాట తప్పుగా రాయడం లేదు, అప్పటికి అది మా గొప్ప. గొర్రె తోలు కప్పుకుని తోడేలు వస్తుందన్న హెచ్చరిక మీద మేము విన్నన్ని ప్రసంగాలు కృప మీద విని ఉండము. సంఘ పెద్ద దానియేలు గుడి గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కొత్త మనిషి వస్తే పేరు కంటే ముందు ఉత్తరం అడిగేవాడు. వచ్చిన ఊరి పాస్టరు రాసి ఇవ్వాల, ఈ మనిషి మా సభ్యుడు, నడత మంచిది అని. ఉత్తరం చదివి, సంతకం వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు, "కుచ్చోప్పా," అనేవాడు. మేము ఆదివారం బడి పిల్లలం కూడా అదే ఆట ఆడేవాళ్ళం. ఒకరు తోడేలు, మిగిలినవాళ్ళు తోలు లాగి చూడాల. తోలు లాగితే లోపల గొర్రె ఉండవచ్చునని మాకు ఎవరూ చెప్పలేదు. ఆటలో అట్లాంటి వేషమే లేదు.

సీమోను ఉత్తరం లేకుండా వచ్చినాడు. గుడికి బండలు పరచడానికి మేస్త్రీ కావాలంటే ఫ్యాక్టరీ నుంచి పంపినారు. మీసాలు రెండు వైపులా పైకి మెలేసి, ఖాకీ చొక్కా, దాని భుజాల మీద బిళ్ళలు పెట్టే పట్టీలు, నడుముకు లావు తోలు బెల్టు. గొంతు విప్పితే గోడలు అదిరేవి. పోలీసులో ఉండి వచ్చినాడనీ, ఎవరినో కొట్టినందుకు తీసేసినారనీ గనుల దగ్గర చెప్పుకునేవాళ్ళు. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. నాకు ఆయన్ను చూస్తేనే ఒళ్ళు జలదరించేది. ఆయన పాటలప్పుడు పని ఆపి తల వంచేవాడు. అది కూడా నాకు అనుమానంగానే ఉండేది. ఇంత పెద్ద మీసాలవాడికి పాట ఎందుకు?

ఒకరోజు జేజి, నేను ఆయనకు సంగటి తీసుకపోయినాం. ఆ రోజు గుడి కిటికీ మూలన కందిరీగల గూడు ఉందని దానియేలు పెద్ద చూపించి, "కాల్చెయ్యప్పా సీమోనూ, ఆదివారానికి పిల్లోళ్ళు వస్తారు," అన్నాడు. సీమోను మీసం దువ్వి, బెల్టు బిగించి, కాగడా పట్టుకుని నాలుగడుగులు పోయినాడు. ఒక్క కందిరీగ లేచింది. కాగడా యాడ పడిందో, ఆయన యాడ పడినాడో. ఇంత మనిషి వచ్చి జేజి వెనక దాక్కున్నాడు. "అమ్మా, నాకు చేతగాదు, నాకు భయం," అంటుంటే గొంతు సన్నగా పిల్లవాని గొంతు లెక్క వచ్చింది. జేజి నవ్వి నవ్వి బండల మీద కూలబడింది. చివరికి ఆమే గోనెపట్ట కప్పుకుని పోయి గూడు కాల్చి వచ్చింది. ఇంటికి వచ్చినాక అత్తతో, "శానా అనుకుంటిమి గాని, వాడు దొంగ కందిరీగమే," అని చెప్పింది. అత్త నవ్వలేదు. "ఆ చొక్కా ఎందుకు తొడుక్కుంటాండాడో అడగల్ల," అంది. అడిగింది కూడా, మరుసటి రోజు నా ఎదుటే. ఆయన తల దించుకుని చెప్పినాడు. గనుల్లో కొత్తలో ఎవరు పడితే వాళ్ళు కొట్టేవాళ్ళట, కూలి గుంజుకునేవాళ్ళట. సంతలో పాత ఖాకీ చొక్కా దొరికితే వేసుకున్నాడట. ఆ రోజు నుంచి ఎవరూ చెయ్యి వెయ్యలేదట. "ఇప్పుడు తీసేద్దామంటే భయమైతాది. చొక్కా తీస్తే నేనేముండా?" అన్నాడు. అత్త సంగటి గిన్నెలో ఇంకొంచెం ఊరుబిండి వేసింది. అప్పుడే నాకు అర్థమైంది, ఈ మనిషి మా అత్తను తీసుకపోతాడని.

జేజి ఒప్పుకుంది. నాయన కొంచెం గొణిగి ఒప్పుకున్నాడు. అయ్యగారు, అంటే మా పాస్టరు, గుడిలో పెండ్లి ప్రకటన చదవడం మొదలుపెట్టినాడు. మాలో మూడు ఆదివారాలు చదువుతారు. ఫలానా వారికి ఫలానా వారికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు అని. మొదటి ఆదివారం చదివిన రాత్రి నుంచి నేను అత్త కొంగు నా వేలికి చుట్టుకుని పడుకున్నాను. "పెండ్లయితే నన్ను యాడ పడుకోబెడతావత్తా?" అని అడిగితే, "జేజి దగ్గర పండుకుందువులే, పెద్దదానివి కాలేదా?" అంది. ఎంత తేలిగ్గా అంది! ఆ మాటలోనే నాకు వాళ్ళిద్దరి కుట్ర వినిపించింది.

రెండో ఆదివారం తర్వాత గుడిలో జమఖానా కనపడలేదు. ఎర్ర గీతల జమఖానా. పల్లెలో ఆడవాళ్ళందరూ వంటకు ముందు పిడికెడు జొన్నలు దేవుని కుండలో వేసి, అట్లా ఎన్నో ఏండ్లు వేసి కొన్నది. అది పోతే ప్రతి ఇంట్లోనూ పిడికిలి పోయినట్టే. గుడి తాళంచెవి ఒకటి దానియేలు పెద్ద దగ్గర ఉండేది. రెండోది బండల పని కోసం సీమోను దగ్గర ఉండేది. అంతే, ఇంకెవరూ ఇంకేమీ ఆలోచించలేదు.

మూడో ఆదివారం జేజికి జ్వరం, ఇంట్లోనే ఉండిపోయింది. మేము పిల్లలం ముందు వరుసలో, కొత్తగా పరచిన బండల మీద, జమఖానా లేకుండా కూర్చున్నాం. చల్లటి బండ తొడలకు తగులుతోంది. అత్త నాకు తెల్ల గౌను ఉతికి, జడలో తెల్ల రిబ్బను కట్టి పంపింది. అయ్యగారు ప్రకటన చదివి, "ఇది మూడవది, ఆఖరుది. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడు చెప్పవలె," అన్నాడు. దానియేలు పెద్ద కుర్చీలో నుంచి లేచినాడు.

"అయ్యా, అభ్యంతరం అని కాదు. ఉత్తరం లేనోడు. జమఖానా పాయె. తాళంచెవి ఎవురి దగ్గరుండాదో అందరికీ తెలుసు. పిల్లనిచ్చే ఇంటోళ్ళే చెప్పల్ల." నాయన వైపు తిరిగినాడు. "ఏమప్పా, మీ యమ్మ ఏమంటాది? ఆమె నోట్లోనుంచి అబద్ధం రాదు. ఆమె మాట చెప్పు, సరిపోతాది."

నాయన నీళ్ళు నమిలినాడు. సీమోను గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఖాకీ చొక్కా తీసేసి, మొదటిసారి తెల్ల చొక్కా వేసుకుని వచ్చినాడు, మీసాలు కూడా దించినాడు. చిన్నగా, ఎవరో కొత్త మనిషి లెక్క ఉన్నాడు. నేను లేచి చేతులు కట్టుకుని, వాక్యం ఒప్పజెప్పే గొంతుతో చెప్పినాను. "మా జేజి ఆయన్ను దొంగ అనింది."

గుడి అంతా ఒక్క ఊపిరి పీల్చినట్టయింది. "ఎప్పుడనింది పాపా?" అన్నాడు దానియేలు పెద్ద. "సంగటి తీసుకపోయిన రోజు. అత్త కూడా వినింది." నేను అత్త వైపు చూడలేదు. అత్త, "అది కాదు, అది పురుగు..." అని ఏదో మొదలుపెట్టింది. పురుగు అనగానే వెనక వరుసలో ఎవరో నవ్వినారు. ఆ నవ్వులో ఆమె మాట కొట్టుకపోయింది.

సాయంత్రం జ్వరంతోనే దుప్పటి కప్పుకుని జేజి వాకిట్లోకి వచ్చి దానియేలు పెద్దకూ అయ్యగారికీ చెప్పింది. "నేను దొంగ అన్లేదు సామీ. దొంగ కందిరీగ అన్నా. చూసేదానికి కుట్టేదాని లెక్క ఉంటాది, కుట్టదు. ఆ మాట అన్నా." దానియేలు పెద్ద ఓర్పుగా విన్నాడు. "అంటే లోపలొకటి, బయటొకటి."

"అవును గాని, లోపల మంచిదే కదప్పా!"

"లోపలొకటి బయటొకటి అయినోన్ని గ్రంథంలో ఏమంటారమ్మా? వేషధారి అంటారు. దొంగ కాకపోతే వేషధారి. నువ్వే చెప్తివి." సీమోనును పిలిచి అడిగినాడు, "పోలీసులో ఉంటివా?" "లేదు పెద్దాయనా." "మరి ఆ చొక్కా?" "సంతలో కొన్నా." "చూస్తిరా అయ్యా," అన్నాడు దానియేలు పెద్ద. అయ్యగారు మెత్తని మనిషి. కొన్నాళ్ళు ఆగుదాం, జమఖానా సంగతి తేలేదాకా ఆగుదాం అన్నాడు. సీమోను నిజం చెప్పినాడు, ఆ నిజమే ఆయన మీద సాక్ష్యమైంది. సీమోను తాళంచెవి తీసి గడప మీద పెట్టి, "నేను తీసుకోలేదు," అని ఒక్కమాట అని, ఆ సాయంత్రమే బండల లారీ ఎక్కి పోయినాడు. జేజి నన్ను పిలిచి తల మీద చెయ్యి పెట్టి, "పసిదానివి, సగం మాటే యాదుండె నీకు, ఏం చేస్తావు," అంది. ఆ సగం మాట అనే కథ ఆ రోజు పుట్టింది. మా ఇంట్లో అందరూ అదే చెప్పుకున్నారు. పాప చిన్నది, తెలియక సగం చెప్పింది.

జమఖానా రెండేండ్లకు దొరికింది. దానియేలు పెద్ద ఇంటి అటక మీద, విత్తనం శెనక్కాయల మూట కింద. వాళ్ళ కోడలి అన్న పెండ్లికి వేసుకోవడానికి తీసుకపోయి, తెచ్చి అక్కడ పెట్టి మరిచినారట. చెదలు ఒక మూల తినింది. ఒక ఆదివారం అందరికంటే ముందే వచ్చి ఆయనే దాన్ని గుడిలో పరచినాడు. "దొరికింది, దేవునికి స్తోత్రం," అన్నాడు, అంతే. ఆయన తాళంచెవి లేకుండా అది గుడి దాటిందా? ఆ రెండేండ్లు ఆయనకు తెలియదా? నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆయనకు తీర్పు తీర్చే నోరు నాకు లేదు, ఎందుకో చెప్తాను.

జమఖానా దొరికిన మరుసటి వారం జేజి, అత్త మూట కట్టుకుని, ఎవరో చెప్పిన ఆనవాలు పట్టుకుని సీమోనును వెతుక్కుంటూ రాజంపేట పోయినారు. అక్కడ ఎవరి ఇండ్లకో బండలు పరుస్తున్నాడు. ఖాకీ చొక్కా మళ్ళీ వేసుకున్నాడు. పెండ్లికి ఒప్పుకున్నాడు గాని ఒక్క షరతు పెట్టినాడు, గుడిలోపలికి రానని. "లోపల నిలబడితే అందరూ నా పక్క చూస్తాండారనిపిస్తాది," అన్నాడట. గుడి వాకిట్లో పందిరి వేసి అక్కడి పాస్టరు పెండ్లి చేసినాడు. ఆ తర్వాత ఇన్నేండ్లు ప్రతి ఆదివారం మామ అత్తను సైకిలు మీద, తర్వాత మోపెడు మీద గుడికి తెచ్చేవాడు. అత్త లోపలికి పోయేది, ఆయన బయట ఎండలో బండి పట్టుకుని ఆరాధన అయ్యేదాకా నిలబడేవాడు. నేను పోయినప్పుడల్లా చూసినాను. పాటలన్నీ నోటికి వచ్చు, బయటి నుంచే పాడేవాడు. ప్రార్థనప్పుడు టోపీ తీసేవాడు. లోపల బల్ల దగ్గర రొట్టె విరిచేటప్పుడు ముఖం రోడ్డు వైపు తిప్పుకునేవాడు. "రా మామా," అని నేను ఒకసారి పిలిస్తే, "నువ్వు పో పాపా, నేను చెప్పులు చూసుకుంటా," అని నవ్వినాడు. ఇప్పుడు ఆ గుడిలో చెప్పులకు కెమెరా పెట్టినారు. మా కర్నూలు సంఘంలో అయితే కొత్తవాళ్ళ ఫోను నంబరు రాసుకుంటారు, ఆధారు అడుగుతారు. ఉత్తరం వెలుతురుకు పట్టి చూసే దానియేలు పెద్ద పోయినాడు, ఆయన కన్ను మాత్రం ఉంది. నేను కూడా గుమ్మంలో తెలియని మనిషిని చూస్తే మొదట చేతిసంచి ఈ పక్కకు మార్చుకుంటాను. అప్పుడు మేము మనిషిని అనుమానించి తలుపు దగ్గర ఆపేవాళ్ళం. ఇప్పుడు నవ్వుతూ లోపల కూర్చోబెట్టి అనుమానిస్తాం. ఏది మేలో చెప్పలేను.

మామ రాజంపేట గుడి లోపలికి వచ్చింది ఒక్కసారే, పెట్టెలో. అక్కడి పాస్టరు సభ్యుల పుస్తకంలో పేరు లేదని తడబడలేదు. "ఇన్నేండ్లు బయట నిలబడి ఆరాధన చేసినాయన, లోపలికి తీసుకరాండి," అన్నాడు. పెట్టె బల్ల ముందు దించినారు. అత్త ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "వచ్చినావా," అంది.

ఇప్పుడు ఆ మాట రాస్తాను. నేను సగం మరిచిపోలేదు. ఆ పురుగును నా పిడికిట్లో పట్టుకున్నదాన్ని, దాని తోక నా చేతికి పొడిచినప్పుడు కెవ్వుమని, తీరా నొప్పి లేదని తెలుసుకున్నదాన్ని. దొంగ కందిరీగ అంటే ఏమో ఆ గుడిలో అందరికంటే నాకే బాగా తెలుసు. లేచి నిలబడినప్పుడు రెండు మాటలూ నా నోట్లో ఉన్నాయి. ఒకటి బయట పెట్టి, రెండోది మింగినాను, తెలిసి మింగినాను. ఆయన పోవాల, అత్త నా పక్కలో ఉండాల. ఆ రోజు ఆ సంఘంలో తెల్ల తోలు కప్పుకున్నది ఎవరో వెతికేవాళ్ళు ముందు వరుసలో చూడలేదు. తెల్ల గౌను, తెల్ల రిబ్బను. చిన్నవాణ్ణి ఒకణ్ణి దేవుని ఇంటికి దూరం చేసిన మనిషి మెడకు తిరుగటిరాయి కట్టుకుని సముద్రంలో పడడం మేలన్న హెచ్చరిక నేను ఆదివారం బడి పిల్లలకు ఎన్నిసార్లు నేర్పినానో లెక్క లేదు. నేర్పిన ప్రతిసారీ మా జేజి తిరుగటిరాయి కండ్లముందు తిరిగింది. మామ బతికుండగా చెప్పి ఉంటే, ఒక్క ఆదివారమైనా ఆయన గడప దాటి వచ్చేవాడేమో. చెప్పలేదు. అత్త నన్ను పెరట్లో అందరి ముందర అడిగింది, ఆ పేరు చెప్పమని. అది తలుపు తెరిచి పెట్టడమేనని ఇప్పుడు అనిపిస్తుంది, ప్రభువును ఎరగనన్న శిష్యునికి కోడి కూసినట్టు. నేను మళ్ళీ లేదన్నాను.

ఈ శుక్రవారం రాజంపేట బస్సు ఎక్కుతాను. ఈ కాగితాలు పత్రికవాళ్ళకు అక్కడి నుంచి తిరిగి వచ్చిన తర్వాతే పంపుతాను. మీరు ఇది చదువుతున్నారంటే నేను పోయి వచ్చినట్టే, కానీ రాస్తున్న ఈ గంటకు నాకు ధైర్యం లేదు. అందుకే అడుగుతున్నాను, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, అత్త పెరట్లో కొత్తిమీర ఇంకా పూతలోనే ఉండనియ్యి. ఆ పురుగు వచ్చి మా ఇద్దరి మధ్యలో గాలిలో నిలబడనియ్యి. అత్త దాని పేరు మళ్ళీ అడిగితే, లేదా అడగకపోయినా, రెండు మాటలూ నా నోట రానియ్యి. మీ సంఘాల గుమ్మాల బయట ఎవరైనా చెప్పులు చూసుకుంటూ నిలబడి ఉంటే, వాళ్ళను ఎవరి మాట అక్కడ నిలబెట్టిందో ఆ మాటను కూడా అన్నవాళ్ళే వెనక్కి తీసుకునేట్టు చెయ్యమని ప్రభువును మీరు అడగండి, నేను ఆమేన్ అంటాను.